అలిపిరి మెట్లెక్కే లెక్కల సారుకు పాతిక మీటర్లలో ఆయాసం: ఒక ఫ్రీస్టైల్ కేస్ స్టడీ

తిరుపతిలో ఈత నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు రెండు రకాలు. నీళ్లంటే భయపడేవాళ్లు ఒక రకం. చిన్నప్పుడు ఊళ్లో బావిలో దూకి ఈత నేర్చుకుని, ఇప్పుడు పూల్‌లో ఫ్రీస్టైల్ (బోర్లా ఉండి, చేతులు ఒకదాని తర్వాత ఒకటి ముందుకి వేస్తూ, తల పక్కకి తిప్పి ఊపిరి తీసుకునే ఈత) రావాలని అడిగేవాళ్లు ఇంకో రకం. భయం ఉన్నవాళ్లకే ఎక్కువ కాలం పడుతుందని అందరూ అనుకుంటారు. కానీ బావి ఈత వచ్చినవాళ్లతోనే కొన్ని విషయాల్లో ఎక్కువ ఓపిక పట్టాలి. ఈ కేసు అలాంటి ఒకరిది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, స్కూలు రాయడం లేదు, లెక్కల సార్ అంటాను.

రాయడానికి కారణం ఒకటుంది. దమ్ము చాలడం లేదని ఫ్రీస్టైల్‌ని మధ్యలో వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు ఇంటికి పోయి వాకింగ్ పెంచుతారు, జిమ్‌లో చేరతారు, తిరిగి వచ్చి మళ్లీ అదే పదిహేను మీటర్ల దగ్గర ఆగిపోతారు. వాళ్లలో ఎక్కువమంది లోపలి గాలిని నీళ్లలో వదలరు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. లెక్కల సార్ విషయంలో ఇది చాలా స్పష్టంగా తెలిసింది, ఎందుకంటే ఆయనకి దమ్ము ఉందన్న సంగతిలో ఎవరికీ అనుమానం లేదు.

వచ్చిన మనిషి

వయసు నలభై ఐదు దాటింది. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. సొంతూరు చంద్రగిరి దాటాక ఒక పల్లె. నడుముకి ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని మేనమామ బావిలో ఈత నేర్చుకున్నారు. నెలకోసారి అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కడం ఏళ్ల తరబడి అలవాటు. తొమ్మిది కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర ఒక టీ తాగడం తప్ప ఎక్కడా కూర్చోరు.

ఎక్కడంలో ఇబ్బంది లేదు, దిగడంలోనే. కుడి మోకాలికి లోపలి వైపు నొప్పి, సాయంత్రానికి వాపు. ఎముకల డాక్టరు చూసి మెట్లు తగ్గించమన్నారు, ఈత మొదలుపెట్టమన్నారు. ఆయన నా దగ్గరికి వచ్చింది ఫిబ్రవరి చివర్లో, ఇంకా ఒంటిపూట బడులు మొదలుకాలేదు.

మోకాలి నొప్పి ఉన్న మనిషికి ఏ ఈత అన్నది ముందే తేల్చుకోవాలి. బావిలో ఈదేవాళ్లు చాలామంది కాళ్లను కప్ప ఈతలో లాగా బయటికి తన్నుతారు. బ్రెస్ట్ స్ట్రోక్ కిక్ కూడా ఆ జాతిదే. పాదం బయటికి తిరిగి నీళ్లను తోసేటప్పుడు మోకాలి లోపలి వైపు లిగమెంట్ మీద లాగుడు పడుతుంది. బ్రెస్ట్ స్ట్రోక్ ఎక్కువగా చేసే ఈతగాళ్లకు సరిగ్గా అక్కడే నొప్పి వస్తుంటుంది. ఈత మంచిదని డాక్టర్లు అంటారు గానీ, ఏ ఈత అని మనం అడగం. ఈయన డాక్టరుతో ఫోన్లో ఒకసారి మాట్లాడి, ఫ్రీస్టైల్ ఒక్కటే చేయించాలని నిర్ణయించుకున్నాను.

మొదటి రోజు చూసింది

మాది ఆరుబయట ఉన్న 25 మీటర్ల పూల్. లోతు తక్కువున్న వైపు నాలుగడుగులు. "మీకు వచ్చినట్టు ఈదండి సార్, నేను చూస్తాను" అన్నాను.

తల పూర్తిగా బయట, గడ్డం నీటికి పైన, చూపు అవతలి గోడ మీద. చేతులు బారుగా చాపి నీళ్లను పైనుంచి కొడుతున్నారు. కాళ్లు మోకాళ్ల దగ్గర బాగా ముడుచుకుని కింద ఎక్కడో తిరుగుతున్నాయి, దీన్ని సైకిల్ కిక్ అంటాం. నడుము కిందిభాగం నీటి పైకి కనబడనే లేదు. సగం దాటాక లేన్ తాడు పట్టేసుకున్నారు.

"దమ్ము సాలడం లేదు సార్. వయసైపోతా ఉంది గదా" అన్నారు.

ఈత ఆపగానే మనిషి మొదట ఏం చేస్తాడో గమనించడం నాకు అలవాటు. తాడు పట్టుకున్న వెంటనే ఆయన గాలి పీల్చలేదు. బుగ్గలు ఉబ్బించి పొడుగ్గా వదిలారు, ఆ తర్వాతే పీల్చారు. రెండోసారీ అంతే. అంటే అప్పటిదాకా లోపల పట్టి ఉంచిన గాలి ఉంది. అది బయటికి పోతే గానీ కొత్తది పట్టలేదు.

అనుమానం తీర్చుకుందామని గట్టు పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టమన్నాను. నేను గాగుల్స్ పెట్టుకుని పక్కనే మునిగి చూశాను. ఒక్క బుడగ లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, పెదవులు బిగించి, మెడ నరాలు తేలి ఉన్నారు. కాసేపటికే ఎగిరి లేచినట్టు లేచి మళ్లీ అదే పొడుగు నిట్టూర్పు.

ఇందులో శరీరశాస్త్రం పెద్దగా లేదు. ఊపిరి తీసుకోవాలన్న తొందర మనకు కలిగేది ముఖ్యంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. ఆక్సిజన్ తగ్గడం ఆ తర్వాతి సంగతి. గాలి బిగబట్టి చేతులూ కాళ్లూ ఆడిస్తే కార్బన్ డయాక్సైడ్ త్వరగా పోగవుతుంది, ఆక్సిజన్ ఇంకా సరిపడా ఉన్నా ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది. దానికి తోడు ఫ్రీస్టైల్లో నోరు నీటి బయట ఉండేది ఒక సెకను లోపే. అంత తక్కువ వ్యవధిలో పాత గాలి వదిలి కొత్త గాలి పీల్చుకోవాలంటే రెండూ సగం సగమే అవుతాయి. అలిపిరి మెట్ల మీద ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు వదులుతారు, పీలుస్తారు. అక్కడ ఊపిరికి అడ్డం లేదు కాబట్టి అన్ని మెట్లు ఎక్కగలుగుతున్నారు. నీళ్లలో తొందర మొదలైతే ఒళ్లంతా బిగుసుకుంటుంది, బిగుసుకున్న కండ ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది.

ఇదంతా ఆయనకి గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. లెక్కల మనిషి కదా, కారణం తెలిస్తే పట్టుకుంటారు. "అంటే నేను తీసుకునేది కాదు, వదిలేది నేర్చుకోవాల" అని తేల్చేశారు.

బుడగలు

ఫ్రీస్టైల్ నేర్పమని వచ్చిన మనిషితో కొన్ని రోజుల పాటు చేతులు ఆడించకుండా బుడగలే ఊదించడం చాలామందికి నచ్చదు. పక్క లేన్లో పదేళ్ల పిల్లలు దూసుకుపోతుంటారు, ఈయన గట్టు పట్టుకుని ముఖం ముంచి లేస్తుంటారు. అయినా ఇక్కడ తొందరపడితే తర్వాత ఏదీ నిలవదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ రాయితీ ఇవ్వను.

నోటితో ఊదమంటే ఒక్కసారిగా అంతా ఊదేస్తారు, ఆ తర్వాత ఖాళీ ఊపిరితిత్తులతో కంగారు పడతారు. కావలసింది ముక్కు నుంచి సన్నగా, ఆగకుండా పోయే ధార. దానికి నేను 'మ్' అని మూలగమంటాను. మూలుగు వినబడుతోందంటే ముక్కు నుంచి గాలి పోతోందన్నమాట. అది పోతున్నంతసేపూ ముక్కులోకి నీళ్లు రావు. ఈయన రోజూ పూజలో ఓంకారం చేసే మనిషి. "ఓం చివర నాదం పట్టినట్టే గదా సార్" అని ఆయనే అన్నారు, మరుసటి రోజు నుంచి నీళ్లలో అదే చేశారు. ముఖం ముంచి నాదం పొడుగ్గా, చివర్లో నోటితో ఒక చిన్న ఊపు, తల తిప్పి నోటితో పీల్చడం. ఇంట్లో కూడా వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసుకుని చేశారట. "పిల్లోళ్లు నవ్వుతా ఉండారు సార్, అయినా మానుకోలే" అన్నారు.

ఎలా తెలుస్తుంది వచ్చిందని? లేచిన తర్వాత మొదట ఏం చేస్తున్నారో మళ్లీ అదే చూడటం. వారం దాటేసరికి తల లేచిన వెంటనే ఆయన నోరు నేరుగా పీల్చడానికి తెరుచుకుంటోంది. నిట్టూర్పు పోయింది. ముడిచిన భుజాలు కూడా వాటంతటవే దిగాయి, వాటి గురించి నేనేమీ చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. ఎండాకాలం వస్తే పూళ్లలో, బావుల్లో కుర్రాళ్లు ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో అని పందేలు వేస్తారు. మునిగే ముందు గబగబా పది పదిహేను సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదులుతారు. అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, లేవాలన్న తొందరే పుట్టదు. ఆక్సిజన్ మాత్రం అయిపోతుంది. హెచ్చరిక లేకుండా నీళ్లలోనే స్పృహ తప్పుతారు, పైనున్నవాళ్లు ఇంకా పందెం కాస్తున్నాడనే అనుకుంటారు. బాగా ఈత వచ్చినవాళ్లే ఇలా పోతారు. మీ పిల్లలకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి. నా లేన్లో ఈ పందెం ఎవరు మొదలుపెట్టినా ఆ రోజుకి బయటికి పంపేస్తాను.

తల, కాళ్లు

ఊపిరి ఒక దారికి వచ్చాక తల దించడం మొదలుపెట్టాం. అసలు బావి ఈత తప్పు ఈత అని నేను ఎప్పుడూ అనను. బావిలో తల బయట పెట్టడమే సరైనది. నీళ్లు నల్లగా ఉంటాయి, కింద ఏముందో తెలియదు, పైనుంచి ఎవడు దూకుతాడో తెలియదు, మెట్లు ఎటున్నాయో చూసుకోవాలి. దూరం వెళ్లాల్సిన పని లేదు, తేలి ఉంటే చాలు. లైఫ్‌గార్డులు, వాటర్ పోలో ఆడేవాళ్లు కూడా తల ఎత్తే ఈదుతారు, ఎదురుగా చూడాలి కాబట్టి. అందుకే ఆయనతో మీ ఈతని మర్చిపోవద్దు, దాని పక్కన ఇంకోటి నేర్చుకుందాం అన్నాను. ఈ మాట చెప్పాక ఆయనలో పట్టుదల పెరిగింది.

ఇబ్బంది ఎక్కడంటే, పెద్దవాళ్ల తల బరువు సుమారు నాలుగున్నర, ఐదు కిలోలు. నీళ్లలో ఉన్నంతసేపు ఆ బరువు నీరే మోస్తుంది. బయటికి ఎత్తితే మెడ మోయాలి. మన ఒంట్లో గాలి ఉండేది ఛాతీలో, అది పైకి లేస్తుంది. బరువంతా ఉండేది నడుము దగ్గర, అది దిగుతుంది. అంటే ఏమీ చేయకపోయినా కాళ్లు కిందికే పోతాయి, తల ఎత్తామంటే ఇంకా వేగంగా. ఏతం ఒక కొస లేస్తే ఇంకో కొస దిగినట్టే. ఆయన ఊళ్లో ఏతం చూసిన మనిషి, ఈ ముక్క వేరే వివరించాల్సిన పని పడలేదు. నీళ్లు గాలి కంటే 800 రెట్లు చిక్కన. ఒళ్లు ఏటవాలుగా ఉంటే ఆ చిక్కని నీళ్లను ఛాతీతో, తొడలతో తోసుకుంటూ పోవాలి. వేగం పెంచితే అడ్డగింపు వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుందని చెప్పగానే, "అయితే నేను గట్టిగా కొట్టేకొద్దీ నాకే నష్టం" అన్నారు.

ఒకరోజు ఆయనకి అనుమానం వచ్చింది. తల పైకెత్తి ఈది గెలిచినవాళ్లు లేరా అని. ఉన్నారు. 1922లో 100 మీటర్లను మొట్టమొదటిసారి నిమిషం లోపు, 58.6 సెకన్లలో ఈదిన అమెరికా ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ తల, ఛాతీ బాగా ఎత్తే ఈదేవాడు. ఆ తర్వాత 1924, 1928 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణాలు గెలిచాడు. కానీ అలా ఛాతీ లేపి ఉంచడానికి ఆ మనిషికున్న కాళ్ల బలం, భుజాల బలం కావాలి. ఆ తర్వాతి తరాలు తల దించి, ఒళ్లు బారుగా పెట్టడం నేర్చుకున్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా కుర్రాడు పాన్ ఝాన్‌లె అదే దూరాన్ని 46.40 సెకన్లలో ఈదాడు. ఇద్దరి వీడియోలూ ఫోన్లో పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

పని మాత్రం సులువుగా జరగలేదు. చూపు నేలకి, మెడ వదులుగా, గోడని తన్ని రెండు చేతులూ ముందుకి చాపి గ్లైడ్ చేయడం. మూడు నాలుగు మీటర్లు పోగానే ముందు ఏముందో చూడాలన్న పాత అలవాటు, గడ్డం లేచేది, కాళ్లు దిగేవి. పూల్ అడుగున నల్లగీత ఎందుకుందో ఎవరూ పట్టించుకోరు. నేను దాన్నే పట్టుకోమన్నాను. మీకు సరిగ్గా కింద ఉన్న గీత కనబడాలి, ముందున్నది కనబడితే తల లేచినట్టు. అవతలి గోడ ఎంత దూరముందో చూసుకోకుండా, ఆ గీత చివరనున్న అడ్డగీత చూసి గోడ వచ్చిందని తెలుసుకోవడం ఆయనకి కొత్త. ఆ నమ్మకం కుదిరాకే మెడ వదులైంది. తొడల మధ్య పుల్ బోయ్ (కాళ్లని తేల్చే ఫోమ్ ముక్క) పెట్టి కొన్నిసార్లు పంపించాను, కాళ్లు పైకి తేలితే ఒంటికి ఎలా ఉంటుందో తెలియడానికి. తెలిసిన వెంటనే తీసేశాను. దాని మీద ఆధారపడితే కాళ్లు ఎప్పటికీ నేర్చుకోవు.

కిక్ గురించి ఎక్కువ చెప్పను. సైకిల్ కిక్ పోవాలంటే కదలిక తొడ మొదట్లోంచి రావాలి, మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి, మడమలు నీటి పైభాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. కొత్తవాళ్లందరికీ చేతులతో పట్టుకోవడానికి ఇచ్చే తేలే పలక, కిక్ బోర్డ్, ఈయనకి ఇవ్వలేదు. బోర్డ్ పట్టుకుంటే తల లేస్తుంది, ఏ అలవాటుని పోగొట్టాలని చూస్తున్నామో దానికే అన్నం పెట్టినట్టవుతుంది. వెల్లకిలా, పక్కకి తిరిగి కిక్ చేయించాను. చీలమండలు బాగా బిగుసు. మెట్లెక్కేవాళ్లు, పరిగెత్తేవాళ్లు చాలామందికి అంతే. పాదం వెనక్కి చాచుకోకపోతే కిక్ నీళ్లను వెనక్కి తోయదు, ఒక్కోసారి మనిషి ఉన్నచోటే ఉంటాడు. మామూలుగా దీనికి వజ్రాసనం చెబుతాం. మోకాలి నొప్పి ఉన్న మనిషికి అది చెప్పకూడదు. కుర్చీలో కూర్చుని చేత్తో పాదం వేళ్లు పట్టి వెనక్కి చాచడం, స్కూల్లో స్టాఫ్ రూంలో కూడా చేసుకునేంత సులువైనది, అది ఇచ్చాను. కొన్నాళ్లు పాదాలకి పొట్టి ఫిన్స్ (చేప రెక్కల్లాంటి తొడుగులు) వేయించాను. రెండు వారాల్లో పెద్ద తేడా ఏమీ రాలేదు, నెల దాటాక వచ్చింది.

పక్కకి ఊపిరి

మొత్తం కేసులో గట్టి భాగం ఇదే. ఊపిరి వదలడం వచ్చింది, తల దిగింది. ఈ రెండూ కలిపి, ఒళ్లు కదులుతుండగా ఊపిరి తీసుకోవాలి. తల ముందుకి ఎత్తకూడదు, ఒంటితో పాటు పక్కకి తిరగాలి. ఈదుతున్నప్పుడు తల నీళ్లను తోసుకుపోతుంది కాబట్టి నుదుటి ముందు నీరు కాస్త లేచి, చెంప పక్కన చిన్న పల్లం పడుతుంది. నోరు ఆ పల్లంలో తెరుచుకుంటే చాలు. ఒక కన్ను నీళ్లలో, ఒక కన్ను బయట. ఆ పల్లం పడాలంటే కదలిక ఆగకూడదు, తల లేవకూడదు. అంటే, ఎక్కడ ధైర్యం చాలక తల ఎత్తుతామో అక్కడే పల్లం పోయి నీళ్లు మింగుతాం.

పక్క కిక్‌తో మొదలుపెట్టించాను. కింది చెయ్యి ముందుకి, చెవి ఆ భుజం మీద ఆనించి, పై చెయ్యి తొడ మీద. ముఖం ఆకాశం వైపు తిప్పి రెండు మూడు ఊపిరులు, ముఖం కిందికి తిప్పి నాదం, మళ్లీ పైకి. ఇది బాగానే వచ్చింది. చెయ్యి ఆడించడం కలపగానే చెడింది. కుడివైపు ఊపిరి తీసుకునే ప్రతిసారీ నీళ్లు మింగడం, దగ్గు, ఆగిపోవడం.

గట్టు మీద నుంచి చూస్తే తల ఆలస్యంగా తిరుగుతున్నట్టు కనబడింది. నీళ్లలో దిగి ముందు నుంచి చూస్తే అసలు సంగతి తెలిసింది. తప్పు ఎడమ చేతిలో ఉంది. నోరు తెరవడానికి ముందే, ఆధారం కోసం, ముందున్న ఎడమ చెయ్యి నీళ్లను నిలువుగా కిందికి నొక్కుతోంది. నొక్కినప్పుడు తల కొంచెం లేస్తుంది. అప్పటికి ఇంకా నోరు తెరవలేదు. చెయ్యి ఛాతీ కిందికి వచ్చేసరికి ఆధారం అయిపోయి తల దిగుతుంది. సరిగ్గా అప్పుడు పీలుస్తున్నారు.

నేను ఆయనకి ఎదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ, ఆయన ఎడమ చేతి వేళ్ల కింద నా అరచెయ్యి పెట్టాను. "నొక్కొద్దు సార్. తగిలి ఉండనివ్వండి చాలు. నోరు మళ్లీ నీళ్లలోకి పోయేదాకా ఈ చెయ్యి ఇక్కడే" అన్నాను. మొదట్లో నా చెయ్యి మీద బాగా బరువు పడింది. ప్రతిసారీ నొక్కారు, నొక్కినప్పుడల్లా ఆపి మళ్లీ మొదలు. ఆ వారం చివర్లో వేళ్లు కేవలం ఆనుతున్నాయి. అప్పుడు చెప్పకుండా నా చెయ్యి తీసేశాను. ఇంకో ఏడెనిమిది మీటర్లు పోయి, ఆగి, "ఇందాక చెయ్యి లేదు గదా" అన్నారు. లేదన్నాను.

దీన్ని నిలబెట్టడానికి క్యాచప్ డ్రిల్. ఒక చెయ్యి ముందున్న చేతిని వచ్చి తాకాకే రెండోది కదలాలి. పోటీలకి ఈదేవాళ్లు ఇలా ఈదరు, అది తెలుసు. నేర్చుకునేవాళ్లకి ముందు చెయ్యి ఓపికగా ఆగడం నేర్పేది ఇదే.

ఇంకొక చిన్న విషయం బాగా పనిచేసింది. ఆయన ప్రతిసారీ ఇదే ఆఖరి ఊపిరి అన్నట్టు ఛాతీ నిండా పీల్చేవారు. అంత అక్కర్లేదు. క్లాసులో ఒక వాక్యం అయ్యాక ఇంకో వాక్యానికి ముందు ఎంత తీసుకుంటారో అంతే తీసుకోండి అన్నాను. పాతికేళ్లుగా చేస్తున్న పని అది. పీల్చడానికి పట్టే సమయం తగ్గింది, తల త్వరగా నీళ్లలోకి వచ్చింది.

ఎన్ని స్ట్రోకులకి ఒకసారి ఊపిరి అన్న ప్రశ్న అందరూ అడుగుతారు. మూడు స్ట్రోకులకి ఒకసారి, రెండు వైపులా తీసుకోవాలని మొదటి రోజు నుంచే పట్టుబట్టే కోచ్‌లు ఉన్నారు. ఒళ్లు రెండు వైపులా సమానంగా తిరుగుతుందన్నది వాళ్ల వాదన, అది నిజమే. కానీ కొత్తగా నేర్చుకునే నలభై దాటిన మనిషికి గాలి ముందు, అందం తర్వాత. ఈయన్ని రెండు స్ట్రోకులకి ఒకసారి, కుడివైపే తీసుకోమన్నాను.

పాతిక మీటర్లు ఆగకుండా వచ్చింది మార్చి చివరి వారంలో. గోడ పట్టుకుని వెనక్కి తిరిగి పూల్ మొత్తం ఒకసారి చూసుకున్నారు. ఆయాసం లేదు. "ఇంకోటి పోనా సార్?" అని అడిగి, నేను సరే అనేలోపే గోడ తన్నేశారు.

మధ్యలో విరామం

ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్ల స్పాట్ వాల్యుయేషన్ పడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని దిద్దడం, పూల్‌కి రావడం కుదరలేదు. తిరిగి వచ్చేసరికి ఎండలు మండిపోతున్నాయి, పూల్ నిండా సమ్మర్ క్యాంప్ పిల్లలు. లేన్లు ఇరుకు, ఎవరో ఒకరు అడ్డం వస్తారు. ఆయన మళ్లీ తల ఎత్తడం మొదలుపెట్టారు.

ఇది వెనక్కి పోవడమని ఆయన బాధపడ్డారు, నాకు అలా అనిపించలేదు. అలసట, కంగారు వచ్చినప్పుడు ఒంట్లో అన్నిటికంటే పాత అలవాటే ముందు బయటికి వస్తుంది. ఎవరో ఢీకొంటారన్న టెన్షన్‌లో తల లేవడం సహజం. గుంపులో సరిచేయడానికి ప్రయత్నించకుండా వేళ మార్చాం, క్యాంప్ మొదలయ్యే ముందు పొద్దున్నే. మళ్లీ బుడగలు, మళ్లీ గ్లైడ్. ఈసారి నాలుగైదు రోజుల్లో పాత చోటికి వచ్చేశారు.

చేతులు

చేతుల పని ఆఖరున పెట్టినందుకు చాలామంది ఆశ్చర్యపోతారు. ఊపిరి, తల సరిగా లేని మనిషికి చేతులు దిద్దితే, ఆ చేతుల్ని తేలడానికే వాడుకుంటాడు. ముందుకి పోవడానికి వాడడు.

లెక్కల సార్ చేతులు రెండూ తల ముందు మధ్యగీత దాటి పడేవి. కుడి చెయ్యి ఎడమ వైపు, ఎడమ చెయ్యి కుడి వైపు. దాంతో నడుము అటూ ఇటూ ఊగి, లేన్లో వంకరగా పోయేవారు. ఈదేవాళ్లకి ఇది తెలియదు, తిన్నగానే పోతున్నామనుకుంటారు. చేతులు రైలు పట్టాలంత ఎడంగా పెట్టమన్నాను. ఆయనకి అతిగా ఎడం చేసినట్టు అనిపించింది. వీడియో తీసి చూపిస్తే చెయ్యి సరిగ్గా భుజానికి ఎదురుగా పడింది. ఒంటికి అనిపించేది ఒకటి, జరిగేది ఒకటి. అందుకే నేను ఫోన్ వీడియో లేకుండా చేతులు దిద్దను.

మే మధ్యలో కుడి భుజం ముందు భాగంలో నొప్పి అన్నారు. చూస్తే చెయ్యి బొటనవేలు ముందుగా నీళ్లలోకి దిగుతోంది. అలా దిగితే భుజం లోపలికి మెలి తిరిగి ఉన్న స్థితిలో బరువు పడుతుంది, రోజూ పడితే నొప్పి వస్తుంది. అరచెయ్యి నేలకి, వేళ్ల కొసలు ముందు దిగేలా మార్చాం, కొద్దిరోజులు దూరం తగ్గించాం. నొప్పి తగ్గింది. తగ్గకపోయి ఉంటే డాక్టరు దగ్గరికే పంపేవాడిని. భుజం నొప్పిని పట్టుకుని ఈదించకూడదు.

నీళ్లు పట్టే పద్ధతి గురించి ఒక మాట. మేము నేర్చుకునే రోజుల్లో చేతిని నీళ్లలో ఎస్ ఆకారంలో లాగమని చెప్పేవారు. ఇప్పుడు కొత్తవాళ్లకి నేను అలా చెప్పను. మోచెయ్యి పైన ఉంచి, ముంజెయ్యిని నిలువుగా దించి, నీళ్లను నేరుగా వెనక్కి తొడ దాకా తోయమంటాను. ఒళ్లు పక్కలకి తిరుగుతుంది కాబట్టి రావలసిన వంపు దానంతటదే వస్తుంది. అరచెయ్యి ఒక్కటే కాదు, ముంజెయ్యి కూడా తెడ్డేనని తెలియడానికి పిడికిలి బిగించి ఈదించాను. పిడికిలితో మొదట అసలు ముందుకి కదల్లేదు. కొన్ని రోజులకి మోచెయ్యి లేపి ముంజేతితో నీళ్లు పట్టడం మొదలైంది. పిడికిలి విప్పి ఈదినప్పుడు చేతికి తగిలే నీటి బరువు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇప్పుడున్న స్థితి

మొదట్లో పాతిక మీటర్లు పోవడానికి, పోగలిగినప్పుడు, ముప్పై ఐదు పైన స్ట్రోకులు పట్టేవి. ఇప్పుడు ఇరవై మూడు, ఇరవై నాలుగు. ప్రతి యాభై మీటర్లకి కాస్త ఆగి ఊపిరి సరిచూసుకుంటూ 400 మీటర్లు చేస్తున్నారు. వేగం పెద్దగా లేదు, నేనూ అడగలేదు. ఈ కాలమంతా ఆయన మెట్లెక్కడం పెంచలేదు, తగ్గించారు. అయినా ఈత దూరం పెరిగింది. దమ్ము విషయంలో నా నిర్ధారణకి నేను చూపించగలిగిన ఆధారం అదే.

మోకాలి వాపు బాగా తగ్గింది. ఆ ఘనత అంతా ఈతకే ఇవ్వలేను. మెట్లు దిగడం మానేసి, కొండెక్కాక బస్సులో కిందికి వస్తున్నారు. డాక్టరు చెప్పిన తొడ కండరాల వ్యాయామాలు కూడా రోజూ చేస్తున్నారు. మూడూ కలిసి పనిచేశాయని డాక్టరు అభిప్రాయం, నాదీ అదే.

మిగిలిన పని చాలానే ఉంది. అలసిపోతే ఎడమ మోచెయ్యి ఇప్పటికీ దిగిపోతుంది. వారానికి రెండు రోజులు పిడికిలి డ్రిల్ అందుకోసమే. గోడ దగ్గర పల్టీ కొట్టి తిరగడం నేర్పలేదు, మోకాలి దృష్ట్యా ఇప్పట్లో నేర్పను, చేత్తో గోడ తాకి తిరిగితే చాలు. కుడివైపే ఊపిరి తీసుకోవడం వల్ల ఒళ్లు ఎడమ పక్కకి సరిగా తిరగడం లేదు. దీన్ని ఎప్పుడు మొదలుపెట్టాలా అని చూస్తుండగా ఆయనే అడిగారు. పొద్దున పూట పూల్లో ఒక వైపు వెళ్లేటప్పుడు ఎండ నేరుగా కుడి కంట్లో పడుతోందట, ఆ వైపు పోయేటప్పుడన్నా ఎడమకి తీసుకోవడం నేర్పమన్నారు. పోయిన సోమవారం ఎడమ పక్క కిక్‌తో మొదలుపెట్టాం. మొదటి రోజు నీళ్లు మింగారు. ఈసారి కుడి చెయ్యి నొక్కుతోంది.